స్ఫటికపు తొట్టిలో మీనవల్లి

మన తాతలకు తాతలు కూడా పుట్టకముందు, విమలావతి అనే నగరాన్ని ధవళకీర్తి అనే రాజు పాలించేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ప్రజలను పీడించలేదు, పొరుగువారి మీదికి దండెత్తలేదు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, శుభ్రత. గోడమీద మరక కనిపిస్తే ఆ పూట అన్నం ముట్టేవాడు కాదు. కోట ముందున్న పెద్ద సరస్సు నిండా నీటిమొక్కలు పెరగడం చూసి, "నీళ్లంటే అద్దంలా ఉండాలి, ఇదేమి రోత?" అని వాటిని వేళ్లతో సహా పీకించి ఒడ్డున ఎండబెట్టించాడు. కోట లోపల మాత్రం స్ఫటికపు గోడలతో ఒక పెద్ద తొట్టి కట్టించి, దేశదేశాల రంగుచేపలను తెప్పించి వదిలాడు. ఆ తొట్టి అడుగున చలువరాయి తప్ప ఒక్క ఆకు కూడా ఉండకూడదని ఆజ్ఞ.

మొక్కలు పోయాక సరస్సు అద్దంలా మెరవలేదు. కొద్దిరోజులకే నీళ్లు చిక్కగా పచ్చబడ్డాయి. ఆ తర్వాత కుళ్లువాసన మొదలైంది. చేపలు వెల్లకిలా తేలాయి. ఒక ఉదయం రాజు కొలువుదీరి ఉండగా, ఆ సరస్సులో నివసించే యక్షిణి తడిజుట్టుతో సభలోకి నడిచి వచ్చింది. ఆమె దోసిట్లో చచ్చిన చేపపిల్లలు ఉన్నాయి.

"రాజా, వీటికి ఇల్లూ, తిండీ, ఊపిరీ ఆ మొక్కలే. నా పిల్లల ఇల్లు నువ్వు పీకించావు. ఆకు లేని నీళ్లలో బతుకు ఎలా ఉంటుందో నీ బిడ్డకు తెలియాలి," అంది యక్షిణి.

సింహాసనం పక్కన బొమ్మగుర్రంతో ఆడుకుంటున్న చిన్న రాజకుమారుడు కేయూరుడు, అందరూ చూస్తుండగానే వెండిరంగు చేపగా మారి నేలమీద ఎగిరెగిరి పడ్డాడు. అతని అక్క మధూళిక ఒక్క పరుగున వచ్చి ఆ చేపను రెండు చేతుల్లోకి తీసుకుని, స్ఫటికపు తొట్టిలోకి వదిలింది. తమ్ముడి చెవిపోగు ఉండే చోట చేప తలమీద చిన్న బంగారు చుక్క మెరిసింది.

"ఈ తొట్టిలో ఒక మొక్క వేరుపట్టి, పెరిగి, నీటిపైన పువ్వు పూసిన రోజున వీడు మళ్లీ మనిషవుతాడు. కానీ నీ రాజ్యంలో పుట్టిన ఏ నీటిమొక్కా ఇందులో బతకదు," అని చెప్పి యక్షిణి వచ్చిన దారినే వెళ్లిపోయింది.

ఆమె అన్నంతా జరిగింది. ఊళ్లలోని చెరువులనుంచి, కాలువలనుంచి తెచ్చిన మొక్కలన్నీ నాటిన మర్నాటికే నల్లబడి, ముద్దగా కుళ్లి, నీటిని పాడుచేసేవి. ఆ కుళ్లుకు రంగుచేపలు ఒక్కొక్కటే చచ్చిపోసాగాయి. వెండిచేప పొద్దస్తమానం నీటిపైకి వచ్చి, నోరు తెరిచి గాలి మింగుతుండేది. మధూళిక రోజూ తెల్లవారగానే కొండ ఊటనుంచి కుండలతో నీళ్లు మోసుకొచ్చి, తొట్టిలోని పాతనీటిలో కొంత తోడి, కొత్తనీరు పోసేది. నీళ్లు మార్చిన కాసేపు చేప కిందికి దిగి తిరిగేది. సాయంత్రానికి మళ్లీ పైకి వచ్చేది. ఆ నోరు తెరవడం చూడలేక రాజు మంచం పట్టాడు.

ఆ రోజుల్లో దేశాలు తిరిగే ముని ఒకడు కోటకు వచ్చాడు. ఆయన తొట్టి దగ్గర చాలాసేపు నిలబడి, చివరికి మధూళికతో అన్నాడు.

"చీకటిమానుల అడవి దాటి, ఎండుగుట్టల అవతల ఒక గుహ ఉందమ్మా. అందులో ధూమ్రకేశి అనే రాక్షసి ఉంటుంది. ఆమె మడుగులో మీనవల్లి అనే మొక్క ఉంది. అది ఈ రాజ్యంలో పుట్టింది కాదు కాబట్టి శాపం దాన్ని తాకదు. దాని ఆకులు గుడ్డపట్టీల్లా పొడుగ్గా ఉంటాయి. పువ్వు సన్నటి కాడమీద నీటి అడుగునుంచి పైదాకా లేస్తుంది."

"తెచ్చినవాళ్లు ఉన్నారా స్వామీ?"

"వెళ్లినవాళ్లు ఉన్నారు. వచ్చినవాళ్లు లేరు. నాకు తెలిసింది చెప్పాను తల్లీ, ఆశపడమని మాత్రం చెప్పలేను," అన్నాడు ముని.

మధూళిక తండ్రి మంచం దగ్గరికి వెళ్లింది. "నాన్నగారూ, నేను వెళ్తున్నాను. నేను వచ్చేదాకా తమ్ముడికి మీరే నీళ్లు మార్చాలి. నౌకర్లకు చెప్పకండి. వాళ్లకు అది చేప. మనకు కాదు," అంది. ఆమె కోట దాటుతూ వెనక్కి తిరిగి చూసినప్పుడు, ఎన్నడూ చెంబు కూడా ఎత్తని రాజు భుజాన కుండతో కొండమెట్లు ఎక్కుతూ కనిపించాడు.

మధూళిక వెంట తీసుకెళ్లింది కొన్ని అటుకులు, చిన్న చాకు, మూతి వెడల్పుగా ఉన్న రాగిబిందె. చీకటిమానుల అడవిలో కొమ్మలు ఒకదాన్నొకటి అల్లుకుపోయి పగలు కూడా దారి కనిపించేది కాదు. ఆ చీకట్లో నేలమీద గడ్డిపరక కూడా మొలవలేదు. వెలుగు లేనిచోట ఏదీ పచ్చగా ఉండదని ఆమెకు అక్కడ అర్థమైంది.

అడవి చివర ఎండిపోయిన వాగులో బండలాంటి తాబేలు ఒకటి పడి ఉంది. దాని డిప్ప బీటలు వారింది.

"పాపా, నీ బిందెలో నీళ్లున్నాయా?" అని అడిగింది తాబేలు.

ఆ నీళ్లు తప్ప ఆమెకు తాగడానికి మరేమీ లేవు. అయినా కూర్చుని దాని నోట్లో కొంచెం కొంచెంగా పోసింది. సగం బిందె అయ్యేసరికి తాబేలు కళ్లు తెరిచింది.

"నేను బతకను. వాగు పోయాక నేనెందుకు?" అంది. "ఎక్కడికమ్మా ప్రయాణం?"

మధూళిక చెప్పింది. తాబేలు కాసేపు ఊపిరి తీసుకుంది. "నేను ఆ మడుగులోనే పుట్టాను. మీనవల్లి మేసి పెరిగాను. ఒక మాట చెబుతా, గుర్తుపెట్టుకో. దాని వేళ్లు మట్టిలో ఉండాలి, మొదలు మాత్రం మట్టిపైకి కనబడాలి. గొంతుదాకా పాతితే ఊపిరాడక చస్తుంది. చాలామంది ప్రేమకొద్దీ లోతుగా పాతుతారు."

ఇంకేమైనా చెబుతుందేమోనని మధూళిక ఎదురుచూసింది. తాబేలు మరి మాట్లాడలేదు. దాని తల మెల్లగా ఇసుకమీద వాలిపోయింది. ఆమె దానిమీద గుప్పెళ్లతో ఇసుక కప్పి, ఏడుస్తూనే ముందుకు నడిచింది. సాయం చేస్తే కష్టం తీరుతుందని కథల్లో విన్నది. ఇక్కడ ఎవరి కష్టమూ తీరలేదు.

ఎండుగుట్టల మీద ఎక్కడ చూసినా నల్లటి బండలు. ఆమె ఒకదాని పక్కగా వెళ్తుంటే అది మనిషి గొంతుతో పలికింది.

"కూర్చో తల్లీ. ఎందుకంత అవస్థ?"

"ఎవరు మీరు?"

"మేమూ మీనవల్లి కోసం వచ్చినవాళ్లమే. అలసి ఇక్కడ కూలబడ్డాం. కూర్చున్నవాళ్లం మళ్లీ లేవలేదు. ఇప్పుడు హాయిగా ఉంది. దాహం లేదు, దిగులు లేదు. నీ తమ్ముడు ఈపాటికి పోయే ఉంటాడు. కూర్చో."

చుట్టూ ఉన్న బండలన్నీ అదే మాట గొణిగాయి. అవి చెప్పింది అబద్ధమని మధూళికకు అనిపించలేదు. అనిపించి ఉంటే నడక తేలికయ్యేది. "నాకూ కూర్చోవాలనే ఉందయ్యా," అంది చివరికి. "వాడు ఉన్నాడో లేడో నాకు తెలియదు. ఉంటే మాత్రం వాడికి మొక్క తెచ్చేవాళ్లు నేను తప్ప ఎవరున్నారు?" అంటూ బండలను పట్టుకోకుండా, వాటికి ఆనుకోకుండా గుట్టలు దాటింది.

గుహలో ధూమ్రకేశి పొగలాంటి జుట్టు విరబోసుకుని మడుగు ఒడ్డున కూర్చుని ఉంది. ఒక పక్క, ముందు వచ్చి ఆమెకు ఆహారమైన వీరుల కత్తులూ డాళ్లూ గుట్టగా పడి ఉన్నాయి. మడుగులో ఒకే ఒక్క మొక్క, పాలిపోయిన రెండు మూడు ఆకులతో, నీటిలో బలహీనంగా ఊగుతోంది.

"ఇంకొకతె వచ్చిందీ," అంది రాక్షసి విసుగ్గా. "చూడవే పిల్లా, ఇది ఒక్కటే మిగిలింది. దీన్ని రెండు చెయ్యి. రెండయితే ఒకటి నీది. చచ్చిందంటే నువ్వు నా నోట్లోకి. ముందొచ్చిన మొనగాళ్లంతా చంపుకుంటూ వచ్చారు."

"ఇంతకుముందు మడుగు నిండా ఉండేదా?"

"ఉండేది. పైకప్పు కూలి వెలుతురు పడే కంత మూసుకుపోయింది. నా చేతులు కొండల్ని నలుపుతాయి గాని ఆకును పట్టుకోవడం వాటికి చేతకాదు," అంది ధూమ్రకేశి. ఆ గొంతులో కోపంకంటే దిగులే ఎక్కువ వినిపించింది.

మధూళిక గుహంతా తిరిగి చూసింది. గుహ ముఖద్వారం దగ్గర మాత్రం పొద్దున పూట ఎండ పడుతోంది. ఆమె చచ్చిన వీరుల డాళ్లను ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి, ఇసుకతో తోమి, ద్వారం పొడుగునా నిలబెట్టింది. ఒక డాలుమీద పడిన ఎండ మరో డాలుమీదికి, అక్కడినుంచి మరో దానిమీదికి పాకి, మడుగులో పడింది. ఆ డాళ్లు మోసినవాళ్ల పేర్లు ఆమెకు తెలియవు. వాటిని తోమేటప్పుడు వాళ్ల తల్లులు గుర్తుకొచ్చి చేతులు ఆగిపోయేవి.

మొక్క కోలుకుంది. ఆమె ఆత్రపడి ఇంకా ఎక్కువ డాళ్లు నిలబెట్టింది. వెలుగు మితిమీరేసరికి మడుగంతా పాచి పట్టి, మీనవల్లి ఆకులను గొంగళిలా కప్పేసింది. ఆమె భయంతో సగం డాళ్లు తీసేసి, నడుములోతు నీళ్లలో నిలబడి, ఒక్కొక్క ఆకునూ చిరిగిపోకుండా రెండు వేళ్లమధ్య జార్చి పాచి తీసింది. ఆ పని రోజుల తరబడి సాగింది. చేతులు నానిపోయి చర్మం ఊడింది. రాక్షసి ఒడ్డున కూర్చుని చూస్తుండేది.

ఒకనాటి ఉదయం మొక్క మొదట్లోంచి తెల్లటి దారంలాంటి పిలక తీగ బయలుదేరింది. ఇసుకమీద పాకి, దాని కొసన బుల్లి మొక్క తలెత్తింది.

"కొయ్యి మరి. రెండయ్యాయిగా," అంది రాక్షసి నాలుకతో పెదవులు తడుపుకుంటూ.

మధూళిక చాకు తీసింది. వంగి చూసింది. పిల్లమొక్కకు ఇంకా వేళ్లు లేవు. తల్లి పంపే ఆహారంతోనే అది బతుకుతోంది. ముందు వచ్చినవాళ్లు ఎక్కడ తప్పారో ఆమెకు అర్థమై చాకు దోపుకుంది.

"ఇంకా కాదు."

"కాదా? అయితే నీ తమ్ముడిని చూడు," అంటూ ధూమ్రకేశి మడుగు నీటిని వేలితో కదిపింది. నీటిలో స్ఫటికపు తొట్టి కనబడింది. రంగుచేపలు ఒక్కటీ లేవు. వెండిచేప ఒక మూల పక్కకు ఒరిగి, మెల్లగా దవడలు ఆడిస్తోంది. మధూళిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అప్పుడే కోసుకుని పరుగెత్తాలని ప్రాణం లాగింది. కానీ కోస్తే చచ్చిన మొక్కతో పరుగెత్తాలి. ఆమె మడుగుకు వీపు పెట్టి కూర్చుని, మోకాళ్లలో తల దాచుకుంది. ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో ఆమె ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు.

పిల్లమొక్క తెల్లటి వేళ్లు దింపి ఇసుకను గట్టిగా పట్టుకున్నాక, ఆమె పిలక తీగను ఒక్క కోతతో తెంచింది. రెండు మొక్కలూ నీటిలో నిటారుగా నిలబడ్డాయి. ఎండ మూడుసార్లు గుహలోకి వచ్చి పోయినా వాడలేదు.

"తీసుకుపో," అంది ధూమ్రకేశి. "ఆ డాళ్లు మాత్రం అలాగే ఉంచి వెళ్లు."

మధూళిక పిల్లమొక్కను వేళ్ల చుట్టూ ఉన్న ఇసుకతోపాటు రాగిబిందెలో దించి, దానిపై తడిగుడ్డ కప్పి, ఎండలో నీడపట్టున, నీడలో వెలుతురు పట్టున మోసుకుంటూ నగరం చేరింది.

కోటలో తండ్రిని ఆమె గుర్తుపట్టలేకపోయింది. భుజాలమీద కుండ రాసుకున్న పుండ్లు, అరచేతులనిండా పొక్కులు. "ఒక్క పూట కూడా మానలేదమ్మా," అన్నాడు ఆయన. "అయినా వాడు నాకు దక్కేలా లేడు."

ఆమె చలువరాయిమీద సరస్సులోని మెత్తటి ఒండ్రు పరిచి, దాన్ని ఇసుకతో కప్పింది. తాబేలు చెప్పినట్టే మొదలు పైకి కనబడేలా మీనవల్లిని నాటింది. వెండిచేప బలవంతంమీద కదిలి, ఆ ఆకుల కిందికి వెళ్లి ఒరిగింది.

రెండు రోజులు మొక్క బాగానే ఉంది. మూడోనాడు ఆకుల అంచులు గాజులా పారదర్శకంగా మారాయి. ఆ తర్వాత అవి జిగురుగా కరిగి, ముక్కలై నీటిలో తేలాయి. మధూళిక చూస్తుండగానే చివరి ఆకు కూడా మొదట్లోంచి ఊడి పైకి వచ్చింది. ఇసుకమీద గోధుమరంగు మొద్దు ఒకటి మిగిలింది. నీళ్లు మళ్లీ వాసన వేశాయి.

మంత్రి శతానందుడు తలవంచుకుని, "రాజకుమారీ, ఆ కుళ్లు తీసేయడం మంచిది. లేకపోతే ఉన్న ఆ కాస్త ఊపిరి కూడా..." అని ఆగిపోయాడు.

రాజు కూతురి తలమీద చెయ్యి వేశాడు. "చాలు తల్లీ. వాడిని ఈ గోడలమధ్య ఇంకా బాధపెట్టలేను. రేపు వాడిని నదిలో వదిలేద్దాం. బతికినంతసేపు పారే నీళ్లలో బతుకుతాడు."

మధూళిక వాదించలేదు. వాదించడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. అడవి, గుట్టలు, డాళ్లు, నానిన చేతులు, అన్నీ ఈ మొద్దు కోసమేనా అనుకుంది. ఏడుపు కూడా రాలేదు. తొట్టిలోకి వంగి, కుళ్లిన మొద్దును పీకేయడానికి రెండు వేళ్లతో పట్టుకుని లాగింది.

అది రాలేదు.

మళ్లీ మెల్లగా లాగింది. ఇసుక కింద ఏదో బిగిసి ఉన్నట్టు, ఆమె వేళ్లను వెనక్కి లాగినట్టు అనిపించింది. చచ్చిన వేరైతే దారంలా ఊడివచ్చేది. ఆమె చెయ్యి తీసేసి, అలాగే నీళ్లలోకి చూస్తూ నిలబడింది.

"నాన్నగారూ," అంది తండ్రివైపు తిరిగి. "ఆకులు పోయాయి. వేరు పోలేదు. కొత్త నీళ్లకు తాళలేక పాత ఆకులు వదిలేసిందేమో. నాకు కచ్చితంగా తెలియదు. తమ్ముడిని మాత్రం ఇప్పుడే వదలవద్దు."

"ఆకు లేనిదాన్ని మొక్క అంటావా అమ్మా?"

"అనలేను. కానీ పీకలేను కూడా."

రాజు కూతురి ముఖంలోకి చూశాడు. అక్కడ ఆశ ఏమీ కనిపించలేదు, అలసట తప్ప. ఆయన కుండ తీసుకుని ఊట వైపు నడిచాడు.

తండ్రీకూతుళ్లిద్దరూ తేలిన కుళ్లును వలగుడ్డతో ఏరివేస్తూ, నీళ్లు మారుస్తూ గడిపారు. మొద్దు మొద్దుగానే ఉంది. చూడటానికి వచ్చే జనం రావడం మానేశారు. అలా ఉండగా ఒక మధ్యాహ్నం మధూళిక తొట్టి గోడకు నుదురు ఆనించి చూస్తుంటే, మొద్దు నడుమ సూదిమొనంత పచ్చదనం కనిపించింది. కన్ను చెదిరిందనుకుంది. ఎవరికీ చెప్పలేదు. మర్నాటికి అది వేలిగోరంత అయింది. ఈ ఆకు పాతవాటిలా పాలిపోయి లేదు. ఈ తొట్టిలోనే, ఈ నీటికే పుట్టిన ఆకు అది.

తర్వాత ఇంకొకటి వచ్చింది. పిలకలు పాకాయి. ఆమె వాటిని వేళ్లు దిగేదాకా ఆగి కోసి, వరుసగా నాటింది. ఆకుల అంచుల వెంట ముత్యాల్లా గాలిబుడగలు పుట్టి పైకి లేచాయి. వెండిచేప నీటిపైకి వచ్చి నోరు తెరవడం మానేసింది. చివరికి ఒక పొద్దున, సన్నటి కాడ ఒకటి మెలికలు విప్పుకుంటూ అడుగునుంచి లేచి, నీటిమీద బియ్యపుగింజంత తెల్లటి పువ్వును విప్పింది.

నీళ్లు ఒక్కసారి పొంగి తొట్టి అంచు దాటి పొర్లాయి. కేయూరుడు ఆకుల మధ్యనుంచి లేచి నిలబడి, దగ్గుతూ, వణుకుతూ, "అక్కా, చలేస్తోంది," అన్నాడు. రాజు తన ఉత్తరీయంతో కొడుకును చుట్టి, ఆ తడినేలమీదే కూలబడ్డాడు. మధూళికకు అప్పుడు ఏడుపు వచ్చింది.

ధవళకీర్తి ఆ నెలలోనే కిరీటం కూతురికి అప్పగించాడు. మధూళికారాణి మొట్టమొదట చేసిన పని, స్ఫటికపు తొట్టిలో పెరిగిన పిలకలను కోయించి, సరస్సు దగ్గరికి మోయించడం. ఆమె తండ్రి, మంత్రి, జాలరులు, చాకళ్లు, చదువుకునే పిల్లలు అందరూ బురదలో దిగి నాటారు. చాలా మొక్కలు కరిగిపోయాయి. వాటిని ఎవరూ పీకలేదు. మరుసటి వానాకాలానికి సరస్సు అడుగంతా పచ్చబడింది, చేపపిల్లలు గుంపులు గుంపులుగా తిరిగాయి. రాణి చాలాకాలం రాజ్యమేలింది. ఆమె ఏలుబడిలో ప్రజలకు నీటి కరువు రాలేదు.

కేయూరుడు మాత్రం వేసవి వస్తే చాలు, సరస్సులోకి దూకి మునిగేవాడు. మామూలు మనిషి ఉండలేనంతసేపు అడుగున ఆకులమధ్య ఉండి, జుట్టునిండా బురదతో నవ్వుతూ పైకి వచ్చేవాడు. అతను తేలేదాకా ఒడ్డున రాణి కూడా ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉండేది.